నక్షత్రమా, దుమ్మా?

నా ఐడీ కార్డు మీద "రెస్టొరేషన్ ఆర్టిస్ట్" అని ఉంటుంది కానీ మా ఫ్లోర్‌లో ఆ మాట ఎవరూ వాడరు. డస్టింగ్ చేస్తున్నాం అంటారు, అంతే. పాత సినిమాల నెగటివ్‌లను ఎక్కడో స్కాన్ చేసి ఫైళ్లు పంపిస్తారు. మేం ఒక్కో ఫ్రేమూ తెరిచి దుమ్ము, గీతలు, మరకలు, అతుకుల దగ్గర బొమ్మ ఎగిరిపడే కుదుపులు తీసేస్తాం. అక్కణ్ణుంచి కలర్ చేసేవాళ్ల దగ్గరికి వెళ్తుంది, చివరికి బ్లూరేగానో ఫోర్‌కే డిస్కుగానో బయటికొస్తుంది. పేర్లు బయటపెట్టబోమని సంతకాలు చేశాం కాబట్టి నా చేతుల మీదుగా వెళ్లిన సినిమాలేవీ ఇక్కడ కనబడవు. పేరు పెట్టి రాసినవన్నీ నేనూ మీలాగే ఇంట్లో కూర్చుని చూసినవి.

సైన్స్ ఫిక్షన్ వచ్చిందంటే మాకు ఒకటే టెన్షన్. కుటుంబ కథయితే గోడ మీద తెల్ల చుక్క కనిపించిందంటే అది దుమ్మే, ఆలోచించక్కర్లేదు. అంతరిక్షం అలా కాదు. తెరంతా నలుపు, అందులో వందలకొద్దీ తెల్ల చుక్కలు. నెగటివ్ మీద కూర్చున్న దుమ్ము కాంతిని ఆపేస్తుంది కాబట్టి తెర మీది పాజిటివ్ బొమ్మలో అదీ తెల్ల చుక్కగానే తేలుతుంది. తీసిపారేయాల్సిందీ, పొరపాటున కూడా ముట్టుకోకూడనిదీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి.

సాఫ్ట్‌వేర్‌కి తెలిసిన సూత్రం ఒకటే. ఈ ఫ్రేములో ఉంది, ముందు ఫ్రేములో లేదు, వెనక ఫ్రేములో లేదు. అయితే దుమ్ము. తీసేసి పక్క ఫ్రేముల్లోంచి ఆ చోటు పూడ్చేయడమే. కెమెరా కదలని షాట్‌లో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కెమెరా కదిలిందా, ప్రతి నక్షత్రమూ ప్రతి ఫ్రేములో కొత్త చోట ఉంటుంది, కాబట్టి సాఫ్ట్‌వేర్ లెక్కలో అన్నీ దుమ్మే. ఆటోమేటిక్ పాస్‌ని గట్టిగా వేసి టీకి వెళ్లొస్తే ఆకాశం ఖాళీ అయిపోయి ఉంటుంది. నక్షత్రాలే కాదు, ఒక్క ఫ్రేములో మెరిసి మాయమయ్యే లేజర్, పేలుడులోంచి ఎగిరే రవ్వలు, ఓడ చివర మిణుకుమనే లైటు, అన్నిటికీ అదే ప్రమాదం.

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు మొదట్లో మాటిమాటికీ నా సీటు దగ్గరికి వచ్చి "అక్కా, ఇది నక్షత్రమా, దుమ్మా?" అని అడిగేవాడు. "నాలుగైదు ఫ్రేములు ముందుకీ వెనక్కీ వెళ్లి చూడు నాన్నా" అనేదాన్ని. "పక్కనున్న వాటితో కలిసి కదులుతుంటే నక్షత్రం, దాని జోలికి పోకు. ఒంటరిగా వచ్చి ఒంటరిగా పోతే దుమ్ము." అంచు చూసినా తెలుస్తుంది. ఆ రోజుల్లో నల్ల అట్టకు సన్నటి బెజ్జాలు పెట్టి వెనక నుంచి లైటు వేసేవాళ్లు, లేదా నలుపు మీద తెల్ల రంగు చిలకరించేవాళ్లు. ఎలా చేసినా దాన్ని కెమెరాతో తీశారు కాబట్టి నక్షత్రం అంచు గ్రెయిన్‌లో, అంటే ఫిల్ము బొమ్మలోని సన్నటి రేణువుల్లో, కరిగిపోయి ఉంటుంది. నెగటివ్ మీద నేరుగా పడ్డ దుమ్ముకి అంచు కోసినట్టు ఉంటుంది, ఒక్కోసారి చిన్న తోక కూడా.

వాడికి ఈ సూత్రం వంటబట్టిందనుకునేలోపు ఆప్టికల్ షాట్ వచ్చి పడింది. అక్కడ దుమ్ము అంచు కూడా మెత్తగానే ఉంటుంది.

ఎందుకో చెప్పాలంటే అప్పటి ఎఫెక్ట్‌లు ఎలా తయారయ్యేవో చెప్పాలి. ఓడ మోడల్‌ని ఒక ఫిల్మ్ మీద తీసేవాళ్లు. నక్షత్రాలు ఇంకో ఫిల్మ్ మీద, గాజు మీద గీసిన గ్రహం మరో ఫిల్మ్ మీద. వీటన్నిటినీ ఆప్టికల్ ప్రింటర్ అనే యంత్రంలో ఒకదాని తర్వాత ఒకటి కొత్త ఫిల్మ్ మీదికి ఎక్కించేవాళ్లు. ఎక్కించిన ప్రతిసారీ గ్రెయిన్ పెరుగుతుంది, కాంట్రాస్ట్ పెరుగుతుంది, ఆ రోజు ఆ గదిలో ఎగురుతున్న దుమ్ము కూడా కొంచెం ఫొటో తీయించుకుంటుంది. అలా ఎక్కిన దుమ్ము ఇక దుమ్ము కాదు, బొమ్మలో భాగం. నెగటివ్‌ని ఎంత కడిగినా పోదు.

మామూలుగా మమ్మల్ని ఆదుకునేది ఇన్‌ఫ్రారెడ్. మంచి స్కానర్లు రంగులతో పాటు ఇన్‌ఫ్రారెడ్‌లో కూడా ఒకసారి ఫ్రేమును చదువుతాయి. కలర్ ఫిల్ములోని రంగులు ఇన్‌ఫ్రారెడ్‌ని దాదాపు అడ్డుకోవు, దుమ్మూ లోతు గీతలూ అడ్డుకుంటాయి. దాంతో దుమ్ము ఎక్కడెక్కడుందో చెప్పే మ్యాప్ చేతికొస్తుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకి ఈ సుఖం లేదు, అందులో బొమ్మంతా వెండే కాబట్టి ఇన్‌ఫ్రారెడ్‌కి అదీ అడ్డే. ఆప్టికల్ షాట్‌లో ఫొటో అయిపోయిన దుమ్ముకీ లేదు, ఎందుకంటే అది ఈ ఫిల్మ్ మీద లేదు, దీని తల్లి ఫిల్మ్ మీద ఉండేది. అంటే సైన్స్ ఫిక్షన్‌లో ఎక్కడ సాయం కావాలో సరిగ్గా అక్కడే యంత్రం చేతులెత్తేస్తుంది. తొంభై నిమిషాల సినిమాకి 1,29,600 ఫ్రేములు. ఫోర్‌కేలో ఒక్కో ఫ్రేమూ 50 ఎంబీ పైమాటే. అన్నీ చేత్తో చేయం గానీ, ఎఫెక్ట్ షాట్లన్నీ చివరికి చేతికే వస్తాయి.

ఈ నష్టం సంగతి ఆ కాలపు పనివాళ్లకి మనకన్నా బాగా తెలుసు. హాలీవుడ్ ఎఫెక్ట్‌ల నిపుణుడు డగ్లస్ ట్రంబుల్ వంటివాళ్లు ఎఫెక్ట్‌లను 65 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద తీసింది అందుకే. పెద్ద ఫిల్మ్‌తో మొదలుపెడితే రెండు మూడుసార్లు కాపీ తీసిన నష్టం పోయాక కూడా మిగతా సినిమాతో సమానంగా నిలబడుతుంది. 2007లో "బ్లేడ్ రన్నర్" ఫైనల్ కట్ అనే కొత్త రూపం కోసం 35 మిల్లీమీటర్ల నెగటివ్‌ని ఫోర్‌కేలో, 65 మిల్లీమీటర్ల ఎఫెక్ట్ షాట్లను ఎయిట్‌కేలో స్కాన్ చేశారు. మంటలు చిమ్మే ఆ మొదటి నగరం షాట్ ఈనాటి టీవీ మీద కూడా చెక్కుచెదరకుండా ఉందంటే కారణం అదే. "2001: ఎ స్పేస్ ఒడిస్సీ" వాళ్లది ఇంకా మొండితనం. చాలా షాట్లలో అసలు కాపీయే తీయలేదు. ఓడను తీసి, ఆ ఫిల్మ్‌ని డెవలప్ చేయకుండా అలాగే దాచి, నెలల తర్వాత అదే నెగటివ్ మీద మిగతా భాగం ఎక్స్‌పోజ్ చేసేవాళ్లు. ఎక్కడ తేడా వచ్చినా మొత్తం పోయినట్టే. 1968 నాటి సినిమా 2018లో ఫోర్‌కే డిస్కుగా వచ్చినప్పుడు అందరూ స్కానింగ్‌ని మెచ్చుకున్నారు. స్కానింగ్ మంచిదే, కాదనను. కానీ సగం పని అంతకు యాభై ఏళ్ల ముందే అయిపోయింది.

దీనికి తలకిందులు కథ "స్టార్ ట్రెక్: ద మోషన్ పిక్చర్"ది. 1979 నాటి ఎఫెక్ట్‌లు ఫిల్మ్ మీద ఉన్నాయి కాబట్టి స్కాన్ చేస్తే చాలు. 2001లో డైరెక్టర్స్ ఎడిషన్ డీవీడీ కోసం కంప్యూటర్‌లో కొత్తగా చేసిన షాట్లు మాత్రం డీవీడీ సైజులోనే చేశారు. హెచ్‌డీ వచ్చేసరికి పాతవి నిలబడ్డాయి, కొత్తవి పనికిరాకుండా పోయాయి. ఆ ఎడిషన్‌ని ఫోర్‌కేలో చూడటానికి, ఆ షాట్లన్నీ మళ్లీ చేశాక, 2022 దాకా ఆగాల్సి వచ్చింది.

అసలు తగువు దుమ్ము దగ్గర రాదు. తీగల దగ్గర వస్తుంది.

1953 నాటి "ద వార్ ఆఫ్ ద వరల్డ్స్"లో అంగారక గ్రహం వాళ్ల యంత్రాలు సన్నటి తీగలకు వేలాడుతుంటాయి. వాటికి కరెంటు వెళ్లేది కూడా ఆ తీగల్లోంచే. ఆ ఎఫెక్ట్‌లకు ఆస్కార్ వచ్చింది. కానీ టీవీల్లో, వీడియోల్లో చూసిన తరాలకి గుర్తున్నది తీగలే. "ఏంటిది, తాళ్లు కనిపిస్తున్నాయి" అని నవ్వుకున్నవాళ్లు ఎందరో. విషయం ఏమిటంటే, సినిమా విడుదలైనప్పుడు టెక్నికలర్ పద్ధతిలో అచ్చు వేసిన ప్రింట్లలో ఆ తీగలు దాదాపు కనిపించేవి కావు. ఆ ప్రింట్లు కొంచెం మెత్తగా, నీడలు చిక్కగా ఉండేవి. తర్వాతి కాలంలో ఈస్ట్‌మన్ కలర్ ఫిల్ము మీద వేసిన ప్రింట్లు వాటిని పట్టి చూపించాయి. తీసినవాళ్లు తమ సినిమా ఏ ప్రింటు మీద ఆడుతుందో తెలుసుకుని, ఆ ప్రింటుకి సరిపడా తీగ వాడారు. తర్వాత మనం వాళ్లకి తెలియని కళ్లద్దాలు పెట్టుకుని చూసి నవ్వాం. పారామౌంట్ వాళ్లు ఒక్కో రంగుకి విడిగా ఉన్న మూడు టెక్నికలర్ నెగటివ్‌ల నుంచి ఫోర్‌కేలో పునరుద్ధరించినప్పుడు తీగలు కనబడకుండా చేశారు. 2020లో క్రైటీరియన్ అనే కంపెనీ డిస్కుగా వచ్చింది అదే.

కొందరికి ఇది నచ్చలేదు. నెగటివ్‌లో ఉన్నది చెరిపే హక్కు ఎవరిచ్చారని వాళ్ల వాదన. నేను చెరిపినవాళ్ల పక్షమే. నెగటివ్ అనేది ప్రేక్షకుడికి చూపించడానికి చేసింది కాదు, ప్రింటు తీయడానికి చేసింది. మొదటి రోజు మొదటి ఆటకి కూర్చున్నవాడు తెర మీద ఏం చూశాడన్నదే నాకు కొలబద్ద. వాడికి తీగ కనబడలేదంటే నాకూ కనబడక్కర్లేదు. అదే కొలతతో ఇంకోటీ చెప్తాను. వాడికి కనబడ్డ తప్పుల్ని మాత్రం తీయకూడదు. రాక్షసుడి వీపు మీద జిప్పు కనబడితే అలాగే ఉండనివ్వండి, వాడూ చూశాడు దాన్ని.

చెప్పడం తేలికే. ఒకసారి ఒక ఎఫెక్ట్ షాట్‌లో, ఒకే ఒక్క ఫ్రేములో, ఆకాశం మూలన నీటి మరకలాంటిది కనిపించింది. జూమ్ చేసి చూస్తే వేలిముద్ర. గీతలు గీతలుగా, సుడితో సహా స్పష్టంగా ఉంది. ఇన్‌ఫ్రారెడ్ మ్యాప్‌లో దాని జాడ లేదు. అంటే నెగటివ్ ముట్టుకున్నవాళ్లది కాదు, ఆ షాట్‌ని ఆప్టికల్ ప్రింటర్‌లో కూర్చిన రోజు ఎవరో దీని తల్లి ఫిల్మ్‌ని పట్టుకున్న గుర్తు. సెకనులో ఇరవై నాలుగో వంతు సేపు అది ప్రతి థియేటర్‌లోనూ తెర మీద పడే ఉంటుంది. నా సూత్రం ప్రకారం ఉంచాలి. సూపర్‌వైజర్‌ని అడిగాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసి, "తీసెయ్ అమ్మా, క్యూసీలో రిజెక్ట్ అవుతుంది" అన్నారు. క్యూసీ అంటే చివరి నాణ్యత తనిఖీ. తీసేశాను. పక్క ఫ్రేములోంచి ఆకాశం తెచ్చి పూడ్చాను, గ్రెయిన్ కలిపాను, ఇప్పుడు ఎవరు వెతికినా దొరకదు.

"బ్లేడ్ రన్నర్"లో ఇంకా ముందుకెళ్లారు. అద్దాలు పగులగొట్టుకుంటూ పరిగెత్తే సన్నివేశంలో విగ్గు పెట్టుకున్న డూప్ స్పష్టంగా తెలిసిపోయేది. ఫైనల్ కట్‌లో నటి జొయానా కాసిడీని మళ్లీ పిలిపించి, ఆమె ముఖం తీసి డూప్ మీద అమర్చారు. ఎగిరే కార్ల తీగలు తీసేశారు. నా లెక్కలో ఇది రెస్టొరేషన్ కాదు, దర్శకుడు తన సినిమాని సవరించుకోవడం. అయినా నాకు కోపం లేదు, ఎందుకంటే ఆ 2007లోనే వచ్చిన పెద్ద సెట్‌లో పాత వెర్షన్లు కూడా పక్కనే పెట్టారు. నచ్చింది చూసుకోవచ్చు. "స్టార్ వార్స్" విషయంలో అలా జరగలేదు. 1997లో దర్శకుడు జార్జ్ లూకాస్ చేసిన మార్పుల తర్వాత, 1977లో జనం చూసిన రూపం అధికారికంగా ఇంటికి వచ్చింది 2006 డీవీడీలో అదనపు డిస్కుగా, అదీ డీవీడీకి ముందరి లేజర్‌డిస్క్ కాలం నాటి మాస్టర్ నుంచి. అభిమానులు పాత థియేటర్ ప్రింట్లు సంపాదించి సొంతంగా స్కాన్ చేసుకున్నారంటే తప్పెవరిది?

నలుపు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అంతరిక్షంలో ఉన్నదంతా నలుపే. ఓడ మోడల్ చుట్టూ ఉన్న స్టాండ్లు, లైట్లు కనబడకుండా కత్తిరించడానికి మాట్టెలు, అంటే ఆ భాగాన్ని మూసే నల్ల ముసుగులు, వేసేవాళ్లు. ఆ మాట్టె నలుపూ, ఆకాశం నలుపూ ఒక్కటి కావు, వెంట్రుకవాసి తేడా ఉంటుంది. థియేటర్ చీకట్లో అది కలిసిపోయేది. వీడియోకి వచ్చేసరికి బ్రైట్‌నెస్ కాస్త లేపగానే ఓడ చుట్టూ బూడిద రంగు పెట్టె ఒకటి తేలి ఓడతో పాటే ఎగురుతుంది. "స్టార్ వార్స్" పాత టేపులు చూసినవాళ్లకి ఆ పెట్టెలు గుర్తుండే ఉంటాయి. ఇప్పుడు హెచ్‌డీఆర్ (మామూలు కన్నా బాగా ఎక్కువ వెలుగు చూపించే పద్ధతి) వచ్చి ఇబ్బంది ఇంకా పెరిగింది. థియేటర్ తెర మీద తెలుపు 50 నిట్లకు అటూ ఇటూ (వెలుగుని కొలిచేది నిట్లలో). ఇంట్లో టీవీ వెయ్యి నిట్లు కొట్టగలదు. చేతిలో అంత కాంతి ఉంటే లేజర్‌ని కళ్లు జిగేల్మనేలా చేయాలని ఎవరికైనా చెయ్యి లాగుతుంది. లాగనివ్వని కలరిస్ట్ చేతిలో పడితే ఆ సినిమా అదృష్టం.

ఇక గ్రెయిన్. దీని మీద నాకు కోపం ఎక్కువ, కాబట్టి తొందరగా ముగిస్తాను. గ్రెయిన్ అనేది బొమ్మ మీద పడ్డ మురికి కాదు, బొమ్మ దానితోనే తయారైంది. దాన్ని తుడిస్తే చర్మం మీది గుంటలు, బట్ట నేత, వెంట్రుకల పాయలు కలిపి తుడిచినట్టే. 2010లో వచ్చిన "ప్రిడేటర్" బ్లూరే చూడండి. అడవిలో చెమటోడుతూ తిరిగే సైనికుల ముఖాలకి మైనం పూసినట్టుంటుంది. 2024లో డిస్కుగా వచ్చిన "ఏలియన్స్" ఫోర్‌కేది ఇంకో తీరు. 1986లో వాడిన ఫిల్మ్‌కి గ్రెయిన్ బాగా ఎక్కువ. దాన్ని తగ్గించి, వివరాలు మళ్లీ తెప్పించడానికి మెషిన్ లెర్నింగ్ వాడారు. దర్శకుడు జేమ్స్ కామెరాన్ ఆమోదంతోనే జరిగింది, చాలామందికి నచ్చింది కూడా. నాకు మాత్రం కొన్ని క్లోజప్‌లలో కనురెప్పలు, పళ్లు ఎవరో కొత్తగా గీసినట్టు అనిపించాయి. తుడిచేసిన దగ్గర ఏముండేదో యంత్రం ఊహించి పెడుతుంది. ఊహ బాగుండొచ్చు. అది ఆ రోజు కెమెరా ముందు ఉన్నది కాదు. మాకు వచ్చే క్లయింట్ నోట్సులో అన్నిటికన్నా ఎక్కువసార్లు కనిపించే వాక్యం కూడా ఇదే: "కొంచెం గ్రెయిన్ తగ్గించగలరా?"

నేను గౌరవంతో చూసే పని "మెట్రోపొలిస్" మీద జరిగింది. 1927లో బెర్లిన్‌లో విడుదలైన కొద్దికాలానికే ఫ్రిట్జ్ లాంగ్ సినిమాని బాగా కత్తిరించారు, ఆ ముక్కలు పోయాయనే అందరూ అనుకున్నారు. 2008లో బ్యూనస్ ఏరీస్‌లోని సినిమా మ్యూజియంలో దాదాపు పూర్తి నిడివి కాపీ బయటపడింది. కాకపోతే అది 16 మిల్లీమీటర్ల కాపీ, అదీ ఆడి ఆడి అరిగిన 35 మిల్లీమీటర్ల ప్రింటు నుంచి తీసింది. ఆ ప్రింటు గీతలన్నీ ఇందులో ఫొటో అయిపోయాయి. 2010లో విడుదల చేసిన రూపంలో ఇరవై అయిదు నిమిషాల దాకా కొత్త భాగం ఉంది. అది వచ్చినప్పుడల్లా తెర మీద జోరున గీతల వాన కురుస్తుంది, ఫ్రేము అంచు కోల్పోయిన చోట నల్ల పట్టీ కనిపిస్తుంది. చేయగలిగినంత శుభ్రం చేసి అక్కడితో ఆపారు. ఆ గీతల వెనక ఏముందో కల్పించలేదు. దొరికిన ముక్కలు ఏ వరసలో రావాలో తేల్చడానికి మొదటి విడుదలకి హుప్పెర్ట్జ్ రాసిన సంగీతపు కాగితాలు కూడా పనికొచ్చాయట, అది నాకు భలే ఇష్టమైన సంగతి.

ఫ్రెంచ్ దర్శకుడు మెలియెస్ 1902లో తీసిన "ఎ ట్రిప్ టు ద మూన్" కథ ఇంకో రకం. చేత్తో రంగులేసిన ప్రింటు ఒకటి 1993లో బార్సిలోనాలో బయటపడింది. ఫిల్మ్ చుట్టంతా అతుక్కుని గట్టిపడి ఉంది. దాన్ని ఓపికగా పొరలు పొరలుగా విడదీసి, ముక్కముక్కనీ ఫొటో తీసి, మొత్తం 13,375 ఫ్రేములూ కూర్చి, 2011లో కాన్స్ చిత్రోత్సవంలో చూపించారు. లేని చోట్ల బ్లాక్ అండ్ వైట్ ప్రింటు నుంచి బొమ్మ తెచ్చి రంగు వేశారు. ఇక్కడ నేను పైన చెప్పిన నియమాలేవీ పనిచేయవు. అలా చేయకపోతే సినిమాయే లేదు.

శబ్దం నా విభాగం కాదు గానీ అక్కడా ఇదే గొడవ ఉంటుంది. "ఫర్బిడెన్ ప్లానెట్"కి లూయిస్, బీబీ బారన్ దంపతులు సర్క్యూట్లు కట్టి, వాటిని కాలిపోయేదాకా నడిపి ఆ మోతలు రికార్డు చేశారు. బుసలు, చిటపటలు, ఊళలు, అదే అక్కడ సంగీతం. హిస్ (టేపు బుసలాంటి రొద) తీసే సాఫ్ట్‌వేర్‌కి దాన్ని అప్పగించే ముందు ఏది టేపుదో, ఏది బారన్ దంపతులదో చెవితో తేల్చుకోవాలి.

ఇంత చేసి పంపాక డిస్కు మీదికి ఎక్కేటప్పుడు బిట్‌రేట్ (ఒక్కో సెకనుకి ఇచ్చే డేటా) సరిపోవాలి. గ్రెయిన్ ప్రతి ఫ్రేములోనూ మారుతుంది కాబట్టి కంప్రెషన్‌కి అదంటే గిట్టదు. ఫోర్‌కే డిస్కు 100 జీబీ దాకా పడుతుంది, అక్కడ కాస్త ఊపిరాడుతుంది. స్ట్రీమింగ్‌లో అదే గ్రెయిన్ ముద్దముద్దగా, చీకటి ఆకాశం మెట్లుమెట్లుగా కనిపిస్తే అది పాత సినిమా తప్పు కాదు.

ఆ తర్వాత మీ టీవీ. కొత్తగా కొన్న టీవీలో చాలావరకు నాయిస్ రిడక్షన్ ఆన్‌లోనే ఉంటుంది. మేం ఉంచిన గ్రెయిన్‌ని అది తుడుస్తుంది, చిన్న నక్షత్రాలు ఉంటే వాటినీ మింగుతుంది. మోషన్ స్మూతింగ్ (మధ్యలో ఫ్రేములు కల్పించి కదలికని నున్నగా చేసేది) కూడా ఆన్‌లోనే ఉంటుంది, మోడల్ ఓడ బొమ్మ కారులా జారిపోయేది దానివల్లే. సెట్టింగుల్లో ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టండి. లేకపోతే సినిమా మోడ్ పెట్టి, ఈ రెండూ ఆపేసి, షార్ప్‌నెస్ దించి, గదిలో లైటు ఆర్పి చూడండి. అప్పటికీ ఓడ చుట్టూ బూడిద పెట్టె కనిపిస్తే బ్రైట్‌నెస్ ఒకటి రెండు పాయింట్లు తగ్గించండి. ఇంకా కనిపిస్తుంటే మాత్రం పొరపాటు మీ టీవీది కాదు, మా వైపుది.